పనిచేసే చేతికే ఓటు

(జగ్గయ్యపేటలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం.)



మాస్టారు పగలు బడిలో లెక్కలు చెప్పేవారు, సాయంత్రం ఊరి పాల సంఘం చిట్టా, ఆవర్జాలు సరిచూసేవారు. ఆ రెండో పనికి ఆయన పైసా పుచ్చుకోలేదని ఇక్కడ అందరికీ తెలుసు. ఆయన పేరిట జరిగే సభలో సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడతానంటే కమిటీవారు మొదట కొంచెం మొహమాటపడ్డారు. సాఫ్ట్‌వేర్ పనివాళ్ళ సహకార సంఘాల గురించి అన్నాక, “అయితే మాస్టారి లైనే” అన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దాన్ని ముందే చెప్పేస్తాను. ఒక సంస్థ అందులో పనిచేసేవాళ్ళది అవునో కాదో తేల్చుకోవాలంటే దాని బోర్డు మీద ‘సహకార’ అన్న మాట వెతకనక్కర్లేదు. అక్కడ పని చేస్తున్నదెవరు, ఓటు వేస్తున్నదెవరు అని రెండు జాబితాలు రాయించి పక్కపక్కన పెట్టండి. రెండిట్లోనూ అవే పేర్లుంటే అది పనివాళ్ళ సంస్థ. పేర్లు తేడా వస్తున్నకొద్దీ అది మరెవరిదో అవుతూ ఉంటుంది. ఇంకో గంటసేపు నేను చెప్పేదంతా ఈ రెండు జాబితాల గురించే.

మన మెట్టకి ఇది తెలియని బాధ కాదు. జగ్గయ్యపేట చుట్టూ భూమిలో సున్నపురాయి మనది. దానిమీద లేచిన సిమెంటు ఫ్యాక్టరీల వాటాదార్ల సమావేశాలు ఎక్కడో దూరాన జరుగుతాయి. నందిగామ చేలల్లో సుబాబుల్ వేసి ఏళ్ళ తరబడి కాచుకున్న రైతు, కర్ర నరికించేనాటికి కాగితం మిల్లు చెప్పిన ధర వినాల్సిందే. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పకుండా ఉండలేను. 1882లో జేమ్స్ బర్జెస్ వెలికితీసిన మన పేట బౌద్ధస్తూపం దగ్గర, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరపు శాసనాలు దొరికాయి. అక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించిన దాత రాజూ కాదు, షావుకారూ కాదు. నాగచంద్రుడనే చేతిపనివాడి కొడుకు సిద్ధార్థుడు, తానూ చేతిపనివాడే. మూడో శతాబ్దంలో ఒక పనివాడు రాతిమీద తన పేరు చెక్కించుకోగలిగిన నేల ఇది. చరిత్ర మాస్టార్లు నన్ను క్షమించాలి, దీన్నుంచి నేను సిద్ధాంతమేమీ తీయబోవడం లేదు.

తన పని ధర తనకి తెలిసిన మనిషిని చూడటానికి పాలకేంద్రం దగ్గరికి వద్దాం. తెల్లవారుజామున ఒకామె క్యాను తెచ్చి పెడుతుంది. కొలిచే ముందు చిన్న గిన్నెతో నమూనా తీస్తారు, యంత్రం వెన్న శాతం చెబుతుంది, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాని ఘనపదార్థాల శాతం) చెబుతుంది, చీటీ బయటికొస్తుంది. చీటీ మీద తేదీ, పూట, లీటర్లు, వెన్న, రేటు, మొత్తం. అక్షరం రాని ఆవిడకి కూడా నిన్నటికీ ఇవాళ్టికీ వెన్న ఒక పాయింటు పడిపోతే తెలుస్తుంది. “ఏం బాబూ, గేదె అదే, మేత అదే, ఎందుకు తగ్గింది?” అని అక్కడే నిలదీస్తుంది. తన సరుకుకి రేటు ఏ లెక్కన కట్టారో ఆమెకి తెలుసు.

ఇప్పుడు ఆవిడ కొడుకు జీతం చీటీ చూడండి. అతను హైదరాబాదులోనో డాలస్‌లోనో ఒక పెద్ద బ్యాంకుకి ప్రోగ్రాములు రాస్తుంటాడు. కానీ ఆ బ్యాంకు ఉద్యోగి కాడు. బ్యాంకు ఒక పెద్ద వెండరుకి పని ఇస్తుంది, ఆ పెద్ద వెండరు ఇంకో చిన్న వెండరుకి, ఆ చిన్న వెండరు మన కన్సల్టెన్సీకి. బ్యాంకు గంటకి 100 డాలర్లు కడుతోందనుకుందాం. అందులో మొదటి రెండు చేతులూ ఎంత మిగుల్చుకున్నాయో కుర్రాడికి ఎవరూ చెప్పరు. చివరికి చేరినదాన్ని కన్సల్టెన్సీ కుర్రాడికీ తనకీ 80–20 అని, 70–30 అని పంచుతుంది. ప్రాజెక్టు లేనప్పుడు ‘బెంచి’, అంటే పని కోసం ఎదురుచూపు. నేనూ కొన్నేళ్ళు అలాంటి ఒక కన్సల్టెన్సీ కిందే పనిచేశాను. నా బిల్లు రేటు ఎంతో అడిగితే అది కంపెనీ రహస్యం అన్నారు. నా పని ధర నాకే రహస్యం! పాలు పోసే తల్లికి ఉన్న చీటీ ఇంజనీరింగ్ చదివిన కొడుకుకి లేదు.

ఈ వ్యాపారాన్ని బాగా పట్టుకున్న పుస్తకం తెలుగువాడు రాయలేదు. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ సిడ్నీలోనూ మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ మధ్య తిరిగి రాసిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ 2007లో వచ్చింది. అందులో ఆయన చూసినది మనం రోజూ చూస్తూ పట్టించుకోనిది. కోర్సు ఫీజులు, వీసా ఖర్చులు, ఏజెంట్ల కమిషన్లు అన్నిటి వెనకా కోస్తా జిల్లాల వ్యవసాయపు డబ్బు ఉంది, కట్నం డబ్బు ఉంది. అంటే, పెట్టుబడి లేదని మనం ఏ రంగం గురించి నిట్టూరుస్తున్నామో, ఆ రంగంలోకి మన ఊళ్ళ నుంచి పెట్టుబడి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఎకరం అమ్మి అబ్బాయిని పంపిన తండ్రి నిజానికి ఒక కంపెనీలో డబ్బు పెట్టాడు. వాటా పత్రం మాత్రం పుచ్చుకోలేదు.

వాటా పత్రం ఉంటే సరిపోతుందా? సత్యం కంప్యూటర్స్ సంగతి గుర్తు చేసుకోండి. 1987లో హైదరాబాదులో పుట్టింది, మన జిల్లాల పిల్లలు వేలల్లో చేరారు, ఉద్యోగులకి షేర్లిచ్చే పథకాలూ నడిచాయి. 2008 డిసెంబరులో యాజమాన్యం, ఛైర్మన్ కుటుంబానివే అయిన మేటాస్ కంపెనీలను కొంటామని ప్రకటించింది. మదుపుదార్లు గొడవ చేశారు, షేరు పడిపోయింది, గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవు. అప్పటికి ప్రమోటర్ల చేతిలో ఉన్న వాటా పది శాతం కూడా కాదు. అంత చిన్న వాటాతో ఇల్లంతా నడిపారు. న్యూయార్కులో షేరు పట్టుకున్నవాడు ఒక్క పూటలో ఒక నిర్ణయాన్ని ఆపగలిగాడు. లోపల పనిచేస్తున్న యాభై వేల పైచిలుకు మంది ఆ వార్త టీవీలో చూశారు. తరవాత ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను వేసింది, ఏప్రిల్లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. ఈ మొత్తం వ్యవహారంలో ఉద్యోగులను ఓటు అడిగిన ఘట్టం ఒక్కటీ లేదు. ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. చట్టం ప్రకారం అడగనక్కర్లేదు, అదీ నా బాధ.

సరే, అడిగే సంస్థలు ఎక్కడైనా ఉన్నాయా? ఉన్నాయి. స్పెయిన్‌లో లా కొరూన్యా అనే ఊళ్ళో 2001లో పదిమంది ఇంజనీర్లు ‘ఇగాలియా’ పెట్టారు. మీ ఫోన్లో బ్రౌజరు ఉందే, దాని లోపలి యంత్రాంగం, క్రోమియం, వెబ్‌కిట్ లాంటివాటికి కోడు రాసేవాళ్ళలో వాళ్ళు ముందువరసలో ఉంటారు. ఇప్పుడు వంద దాటారు, రకరకాల దేశాల్లో ఇళ్ళ నుంచే పనిచేస్తారు. అందరికీ ఒకే జీతం పద్ధతి, పెద్ద నిర్ణయాలు సభలో. కొత్తగా చేరినవాళ్ళు కొంతకాలం పనిచేశాక సభలోకి వస్తారు, ఆ తరవాత యాజమాన్యంలో భాగస్తులవుతారు. ఫ్రాన్స్‌లో బోర్డోలో ‘మోషన్ ట్విన్’ అనే ఆటల కంపెనీ ఉంది, అదీ 2001దే, పనివాళ్ళ సహకార సంఘం. 2018లో వాళ్ళ ‘డెడ్ సెల్స్’ ఆట ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఆ గెలుపే చిక్కు తెచ్చింది. ఆటకి కొత్త భాగాలు చేస్తూ పోవాలంటే చాలామందిని తీసుకోవాలి. తీసుకుంటే పదిమంది గుండ్రంగా కూర్చుని తేల్చుకునే పద్ధతి పోతుంది. వాళ్ళు చిన్నగా ఉండిపోవడానికే నిర్ణయించుకున్నారు. ఆ పెరిగే పని ‘ఈవిల్ ఎంపైర్’ అనే వేరే మామూలు కంపెనీకి వెళ్ళింది. నాకు ఇది ఓటమిలా కనబడదు, కానీ గెలుపు అని చప్పట్లు కొట్టడానికీ చేతులు రావు. ఆట ఒకటే, దానిమీద పనిచేసే చేతులు మాత్రం రెండు రకాలయ్యాయి: ఓటున్నవి, లేనివి.

అంత దూరం ఎందుకు, కేరళ వెళదాం. వడకర దగ్గర ఊరాలుంగల్‌లో 1925లో 14 మంది కూలీలు ఒక సంఘం పెట్టుకున్నారు. వాగ్భటానంద గురువు సంస్కరణ ఉద్యమంలో చేరినందుకు భూస్వాములు పని ఇవ్వకుండా వెలివేసినవాళ్ళు వాళ్ళు. రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు. నూరేళ్ళు నిలిచిన ఆ కూలీల సంఘం 2016లో కోళికోడ్‌లో సైబర్‌పార్కు తెరిచింది, సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతోంది. తాపీమేస్త్రీలు యజమానులుగా ఉన్న చోట కంప్యూటర్ ఇంజనీర్లు ఉద్యోగం చేస్తున్నారు! వినగానే నాకు ఈల వేయాలనిపించింది. తరవాత రెండు జాబితాలూ గుర్తొచ్చాయి. సాఫ్ట్‌వేర్ పని సంఘం కింద పెట్టిన ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో జరుగుతోంది. రోడ్డు వేసే సభ్యుడికి సంఘంలో ఉన్న ఓటు, కోడు రాసే ఉద్యోగికి ఆ కంపెనీ రూపం వల్ల దానంతట అది రాదు.

కన్నూరు కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. 1966 బీడీ కార్మికుల చట్టం అమలు చేయలేమంటూ 1968లో ప్రైవేటు యజమానులు కంపెనీలు మూసేశారు. వేలమంది వీధిన పడ్డారు. 1969లో ‘దినేశ్ బీడీ’ సహకార సంఘం పుట్టింది. మంచి రోజుల్లో నలభై వేల మంది దాకా ఎదిగింది. ధూమపానం తగ్గుతుందని ముందే గ్రహించి గొడుగులు, మసాలా పొడులు, చివరికి 1990ల ఆఖరులో ఒక సాఫ్ట్‌వేర్ విభాగం కూడా మొదలుపెట్టింది. ఆ బీడీ షెడ్లలో ఒక అలవాటుండేది. ఒకడు పేపరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటూ చుట్టేవారు. చదివినంతసేపూ అతనికి బీడీలు పడవు కదా, కూలి పోతుంది. అందుకని అతని వాటా బీడీలు మిగతావాళ్ళు చుట్టి పెట్టేవారు. ఇందులో సెంటిమెంటు ఏమీ లేదు, మంచి లెక్క ఉంది. సాఫ్ట్‌వేర్ సంఘం పెడితే టెండరు కాగితాలు నింపేవారు, పద్దులు రాసేవారు, కొత్తవాళ్ళకి నేర్పేవారు ఉంటారు. వాళ్ళ గంటలకి కస్టమరు డబ్బులివ్వడు. ఆ గంటల్ని ఎవరు మోస్తారో మొదటి రోజే రాసుకోకపోతే ఏడాదికి ఒకాయన అలిసిపోతాడు, రెండో ఏడాదికి ఆయనే యజమాని అవుతాడు. మాస్టారు పైసా పుచ్చుకోకుండా పుస్తకాలు చూశారన్న మాట గౌరవంగానే చెప్పాను. ఒక సంఘం అలాంటి మనిషి దొరుకుతాడన్న ఆశ మీద మాత్రం నడవకూడదు.

మన దగ్గర దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 1964 సహకార చట్టం కింద ఉన్న సంఘాల మీద సర్కారు చెయ్యి ఎలా ఉంటుందో మన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలే చెబుతాయి. 2013 ఎన్నికల్లో గెలిచిన పాలకవర్గాల గడువు తీరాక చాలాకాలం ఎన్నికలే లేవు, ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీలే నడిపాయి. అక్కడ సభ్యుల జాబితా ఉంది, ఓటు జాబితా అటకెక్కింది. ఇంకో దారి 1995లో వచ్చింది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం: సర్కారు వాటా ధనం ఉండదు, సర్కారు పెత్తనం ఉండదు, ఎన్నికలు సభ్యులే పెట్టుకుంటారు. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనది. ఈ గర్వం మనం సరిగ్గా పడలేదు. మన కృష్ణా మిల్క్ యూనియన్ పేరులోనే ఆ పరస్పర సహాయం ఉంది. 2006లో ఒక సవరణ తెచ్చి డెయిరీలను మళ్ళీ పాత చట్టం కిందికి లాగబోతే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2011లో ఆ సవరణ చెల్లదని తీర్పు వచ్చింది. పాలు పోసేవాళ్ళు గెలిచిన కేసు అది.

ఇంకొక చోట, ఎవరూ ఊహించని చోట, నా రెండు జాబితాలు చట్టంలోనే అచ్చయ్యాయి. 1961 ఆదాయపు పన్ను చట్టం 80-పి సెక్షన్లో, సభ్యుల శ్రమను ఉమ్మడిగా అమ్మిపెట్టే సహకార సంఘానికి ఆ లాభం మీద పన్ను మినహాయింపు పెట్టారు. షరతు ఏమిటంటే ఓటు హక్కు ముగ్గురికే పరిమితం కావాలి: శ్రమ చేసే వ్యక్తులకి, సంఘానికి అప్పిచ్చే సహకార పరపతి సంఘాలకి, రాష్ట్ర ప్రభుత్వానికి. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చునే సభ్యుడికి ఓటు ఇచ్చారో, మినహాయింపు పోతుంది. ఎప్పుడో మట్టిపని కూలీల్ని మనసులో పెట్టుకుని రాసిన వాక్యం ఇది. ప్రోగ్రాములు రాయడం ఆ ‘శ్రమ’ కిందికి వస్తుందా అంటే ఆడిటరుతో, ఆ తరవాత పన్నుల శాఖతో వాదించుకోవాల్సిందే. వాదించదగ్గ వాదనే అంటాను.

చట్టం ఉండగానే పని జరగదని కూడా మనకి తెలుసు. కూలీల కాంట్రాక్టు సంఘాలు మన దగ్గరా పెట్టారు. కాగితం మీద కూలీలు, వెనక కాంట్రాక్టరు, చెక్కు మీద వేలిముద్ర. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మట్టిపనికి లారీలు కావాలి, రోలరు కావాలి, డీజిలు కావాలి. అవి ఎవడి దగ్గరుంటే ఓటు అక్కడికే జారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ బరువు లేదు. ఒక లాప్‌టాప్, ఒక ఇంటర్నెట్ లైను. పనిముట్లు ఇంత చవకైన పరిశ్రమ మరొకటి చెప్పండి! అలాంటప్పుడు సహకారానికి ఇది అన్నిటికన్నా అనువైన చోటు కావాలి. ఎందుకు కాలేదు?

నాకు తెలిసినంతలో అడ్డం పడేది బిల్లు వసూలయ్యేలోపలి కాలం. లెక్క వేద్దాం. నందిగామలో పదిమంది కూర్చున్నారు, ఇంటికి తలా 40,000 కావాలి. నెలకి 4 లక్షలు. పని ముగించి బిల్లు పెడితే డబ్బు ఎప్పుడొస్తుంది? చిన్న సంస్థలకి 45 రోజుల్లో కట్టాలని 2006 చట్టం చెబుతోంది. చెప్పినట్టు కట్టేవాళ్ళున్నారు, మూడు నెలలు తిప్పేవాళ్ళూ ఉన్నారు. మూడు నెలలంటే 12 లక్షలు. అంతే, కావలసిన ‘యంత్రం’ అదే. ఆ 12 లక్షలు లేనందుకే పదిమందిలో కాస్త కలిగినవాడు తన డబ్బు అడ్డం వేస్తాడు, మిగతా తొమ్మిదిమంది నెలాఖరుకి అతని ముఖం చూస్తారు, ఏడాది తిరక్కుండా అతను ‘సార్’ అవుతాడు. మోసం లేకుండా, చెడ్డతనం లేకుండా, ఓటు చేతులు మారుతుంది. ఒక్క పిల్లవాణ్ణి అమెరికా ఎం.ఎస్.కి పంపే అప్పుకన్నా ఈ మొత్తం చాలా తక్కువ అని మాత్రం తల్లిదండ్రులు గుర్తించాలి. టెండర్లలో మూడేళ్ళ టర్నోవరు అడుగుతారన్నది రెండో అడ్డం. దానికి మందు చిన్న పనులతో మొదలుపెట్టడమే.

చిన్న పనులు చుట్టూ ఉన్నాయి. పాలకేంద్రాల చీటీలు, పరపతి సంఘాల పద్దులు, మార్కెట్ యార్డు తూకాలు, పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి గదుల బుకింగు. వీటిని హైదరాబాదు కంపెనీ చేస్తే చెడిపోయినప్పుడు ఫోనెత్తరు. నందిగామ కుర్రాడు సాయంత్రం బండేసుకుని వస్తాడు. చేసే చేతులకీ కొదవ లేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఉద్యోగం మానేసి పుట్టింటికో అత్తింటికో వచ్చేసిన అమ్మాయిలు జగ్గయ్యపేట, నందిగామల్లో ఎంతమంది ఉన్నారో మీ వీధిలో లెక్కపెట్టుకోండి. జావా వచ్చు, టెస్టింగు వచ్చు, రోజుకి ఐదు గంటలు చేయగలరు. మామూలు కంపెనీకి ఐదు గంటల మనిషి పనికిరాదు. సంఘానికి ఎందుకు పనికిరాదు? గంటలు తక్కువైతే జీతం తగ్గనివ్వండి, ఓటు మాత్రం తగ్గకూడదు.

ఇలాంటి సంఘం నియమావళి గురించి ఇక్కడి కాలేజీ పిల్లలు ముందే అడిగారు. నేనైతే జీతాల సమానత్వం కన్నా ముందు రెండు నియమాలు రాయిస్తాను. ఏడాది పనిచేసిన మనిషిని సభ్యుణ్ణి చేయాలి, చేయలేకపోతే వదిలేయాలి. పదేళ్ళు ‘కాంట్రాక్టు’ మీద ఉంచడానికి వీల్లేదు. స్పెయిన్‌లోని మోండ్రాగన్ ఎంత పేరుపడ్డ సహకార సమూహమో మీరు వినే ఉంటారు. 1956లో స్టవ్‌లు చేయడంతో మొదలైంది. దాని మూలసంస్థ ఫాగోర్ విదేశాల్లో ఫ్యాక్టరీలు కొని, అక్కడివాళ్ళని సభ్యులు చేయకుండా కూలికే ఉంచింది. 2013లో దివాలా తీసినప్పుడు సభ్యుల్లో చాలామందికి సమూహంలోనే వేరే సంఘాల్లో చోటు దొరికింది. కూలివాళ్ళకి ఆ హక్కు లేదు. రెండోది, మానేసి వెళ్ళేవాళ్ళ గురించి. మనవాళ్ళు వెళతారు, బెంగుళూరు పిలుస్తుంది, వీసా వస్తుంది. వెళ్ళేవాడి మూలధనం వాయిదాల్లో తిరిగి ఇవ్వాలి, ఓటు మాత్రం వెళ్ళిన రోజునే ఆగిపోవాలి. ‘ఫౌండర్’ అన్న గౌరవంతో డాలస్ నుంచి ఫోన్లో ఓటేసే సభ్యుడు సంఘానికి మొదటి ముసలం.

కమిటీవారికి చివరగా ఒక విన్నపం. మాస్టారి పేరున ఉన్న నిధి మీద వడ్డీతో ఏటా మార్కులొచ్చిన పిల్లలకి బహుమతులిస్తున్నారు. మంచిదే, ఆపమనను. అసలులో కొంత భాగం విడిగా పెట్టి, ఈ రెండు తాలూకాల్లో పదిమంది కలిసి నమోదైన సాఫ్ట్‌వేర్ సంఘం ఏదైనా వస్తే, బిల్లు వసూలయ్యేదాకా జీతాలకి అప్పుగా ఇవ్వండి. బిల్లు కాగితం చూపిస్తే ఇవ్వడం, డబ్బు రాగానే పట్టుకోవడం. హామీ కింద ఇంటి పత్రాలు అడగవద్దు. పనిచేసేవాళ్ళ జాబితా, ఓటర్ల జాబితా రెండూ అడగండి, పక్కపక్కన పెట్టి చూడండి. వడ్డీ ఎంతన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చుకోవాల్సింది. నన్నడిగితే అర్ధరూపాయి అంటాను. ముప్పావలా దాకా ఒప్పుకుంటాను, ఆపైన మాత్రం లేచి నిలబడి అభ్యంతరం చెబుతాను.